జెండా కింద నిలబెట్టి ఏం నేర్పాం?

2018 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరి దాకా ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో సర్పంచ్ లేడు. బడిలో మాత్రం ఉన్నాడు. సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఐదేళ్లకోసారి ఎన్నికవుతూ, గ్రామసభకు అధ్యక్షత వహిస్తూ, వీధి దీపాలు వేయిస్తూ, నాలుగు మార్కుల ప్రశ్నకు జవాబుగా నిక్షేపంలా ఉన్నాడు. పుస్తకం మూసి బయటికొచ్చిన పిల్లవాడికి పంచాయతీ ఆఫీసులో కనిపించింది ప్రత్యేకాధికారి. తెలంగాణ కూడా తీసిపోలేదు. అక్కడ 2024 ఫిబ్రవరి మొదట్లో పాలకవర్గాల గడువు తీరిపోతే మళ్లీ పోలింగ్ జరిగింది 2025 డిసెంబరులో. నడుమ రెండు పంద్రాగస్టులు, రెండు సంవత్సరాంత పరీక్షలు గడిచిపోయాయి. సర్పంచ్ విధులు రాయమన్న ప్రశ్నకు పిల్లలు సర్పంచ్ లేని ఊళ్లలో కూర్చుని జవాబులు రాశారు. మార్కులు పడ్డాయి.

రాజ్యాంగంలోని 243-ఇ అధికరణ ఈ సంగతిలో నసగలేదు. పంచాయతీ గడువు ఐదేళ్లు, అది తీరేలోగా ఎన్నిక పూర్తి కావాలి, అంతే. కారణాలు చెప్పేవాళ్లకు ఎన్నడూ కొదవ లేదనుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వం గడువు దాటబెట్టి వెళ్లిపోయింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం రిజర్వేషన్ల శాతం మీద కోర్టుకెక్కింది, ఆనక కొవిడ్ వచ్చింది, మధ్యలో రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ను ఆర్డినెన్సుతో ఇంటికి పంపబోయి హైకోర్టులో భంగపడింది. తెలంగాణలో బీసీ రిజర్వేషన్ల చుట్టూ నెలలు దొర్లాయి. వీటిలో కొన్ని నిజంగా చిక్కుముళ్లే. మా అభియోగం చిక్కుముళ్ల మీద కాదు. ఒక ఆర్డినెన్సు, ఒక హైకోర్టు తీర్పు, ఒక రాజ్యాంగ సంస్థ, ఒక ప్రభుత్వం కళ్లెదుట తలపడుతుంటే, పౌరశాస్త్రానికి అంతకు మించిన పాఠం దొరకని రోజుల్లో, బడి ఆ ముక్క ఎత్తకుండా ప్రార్థన గంట కొట్టి జెండా వందనం చేయించి పిల్లలను తరగతుల్లోకి పంపింది. మన బడుల్లో దేశం అంటే నిలబడి చేసే పని. అడిగి తెలుసుకునే పని కాదు.

రాజ్యాంగంలో పౌరుల ప్రాథమిక విధులు 51-ఏ అధికరణలో ఉన్నాయి. 1976లో 42వ సవరణతో వచ్చి చేరాయి. హక్కులు అటకెక్కిన ఎమర్జెన్సీ నాడే విధులు గుమ్మంలో అడుగుపెట్టడం ఒక విచిత్రం, దాన్ని పక్కన పెడదాం. ఆ అధికరణలో మొట్టమొదటి విధిని ఒకసారి వరసగా చదవండి. రాజ్యాంగానికి కట్టుబడి ఉండాలి, దాని ఆదర్శాలను, సంస్థలను గౌరవించాలి, ఆపైన జాతీయ పతాకాన్ని, జాతీయ గీతాన్ని గౌరవించాలి. వరసలో ముందున్నది రాజ్యాంగం. ఆ తర్వాత సంస్థలు, అంటే చట్టసభలు, న్యాయస్థానాలు, ఎన్నికల సంఘాలు, మనూరి పంచాయతీతో సహా. జెండా, గీతం ఆ వెనక వస్తాయి. మన విద్యాశాఖలు ఈ వాక్యాన్ని చివరినుంచి మొదలుపెట్టాయి, మొదటిదాకా ఎప్పుడూ రాలేదు.

జెండా గురించి పిల్లలకు ఏమీ నేర్పలేదని కాదు. పొడవు వెడల్పులు మూడుకు రెండు. చక్రంలో 24 ఆకులు. గీతం 52 సెకన్లు. పంద్రాగస్టున ప్రధాని తాడు లాగి జెండాను పైకెత్తుతారు, జనవరి 26న రాష్ట్రపతి పైన కట్టి ఉంచిన జెండాను విప్పుతారు. ఇవన్నీ ఐదో తరగతి పిల్ల కళ్లు మూసుకుని చెబుతుంది. చెప్పాల్సిందే, తప్పులేదు. కానీ పంద్రాగస్టున రాష్ట్రాల్లో ముఖ్యమంత్రులు జెండా ఎగరేయడం 1974 నుంచే మొదలైందని, అంతకుముందు ఆ పని గవర్నర్లు చేసేవారని, కరుణానిధి కేంద్రంతో వాదించి ఆ హక్కు తెచ్చారని ఎందరు పిల్లలకు చెప్పాం? ఎన్నికై వచ్చిన మనిషికీ నియమితుడై వచ్చిన మనిషికీ తేడా ఏమిటో ఆ ఒక్క ముచ్చటతో తేటతెల్లమవుతుంది. ఆ ముచ్చట క్విజ్‌లో ఇమడదు కాబట్టి వదిలేశాం.

తెలుగువాళ్లం కాబట్టి ఈ వదిలేయడం మనకు మరీ సిగ్గు. జెండా రూపకర్త ఎవరు? పింగళి వెంకయ్య. ఒక మార్కు. విగ్రహానికి దండ. పాఠం అయిపోయింది. అసలు కథ అంత పొట్టిది కాదు. మచిలీపట్నం దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన ఆ మనిషి 1916లోనే ముప్పై నమూనాలతో ఒక పుస్తకం అచ్చేశాడు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలకు గాంధీ వచ్చినప్పుడు వెంకయ్య చూపించిన నమూనాలో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ. తెలుపు తర్వాత చేరింది. చేరాక గొడవ మొదలైంది. ఏ రంగు ఏ మతానిది, మా రంగు ఎక్కడ అని పదేళ్లపాటు వాదులాడుకున్నారు. చివరికి 1931లో ఏడుగురితో ఒక కమిటీ వేశారు. కన్వీనరు మన పట్టాభి సీతారామయ్య. సభ్యుల్లో వల్లభాయ్ పటేల్, నెహ్రూ, ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, హార్డీకర్. అంతటి ఉద్దండులు కూర్చుని ఇచ్చిన సిఫార్సు ఏమిటో తెలుసా? ఒకే రంగు జెండా, కాషాయం, దానిమీద చరఖా.

ఆ సిఫార్సు వీగిపోయింది. అదే ఏడాది ఆగస్టులో బొంబాయిలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ త్రివర్ణాన్ని ఆమోదించింది. ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని తీర్మానంలోనే రాసుకుంది. 1947 జులై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ ప్రతిపాదన పెట్టారు, చరఖా స్థానంలో అశోకుడి ధర్మచక్రం వచ్చింది, రంగుల అర్థాన్ని సర్వేపల్లి రాధాకృష్ణన్ సభకు వివరించారు. చరఖా పోవడం గాంధీకి బొత్తిగా నచ్చలేదు. అలాంటి జెండాకు తాను వందనం చేయలేనన్నంత దాకా వెళ్లారు.

ఇప్పుడు చెప్పండి, ఇది జెండా పాఠమా, ప్రజాస్వామ్య పాఠమా? ఒక కమిటీ. దాని నివేదిక. మహామహులు సంతకాలు పెట్టినా నెగ్గని నివేదిక. ఓటు. మళ్లీ పదహారేళ్ల తర్వాత మరో సభ, మరో మార్పు. జాతిపిత అనిపించుకున్న మనిషికే అభ్యంతరం ఉండి, ఆ అభ్యంతరం బాహాటంగా చెప్పుకునే వీలుండటం. ఎనిమిదో తరగతికి ఇంతకంటే మంచి పాఠం ఎవరు రాసివ్వగలరు? మనం దీన్ని ఖాళీలు పూరింపుముగా కుదించాం. జెండా ఆకాశం నుంచి ఊడిపడినట్టు, దానికి పుట్టుకే తప్ప వాదం లేనట్టు పిల్లలకు చూపించాం. వాదించి తెచ్చుకున్న వస్తువును వాదించరాని వస్తువుగా మార్చి చేతికిచ్చాం. ఈ కాలపు పెద్దలకు అందులో లాభం ఉంది. దాని సంగతి తర్వాత.

బడిలో రోజూ చేయించే ప్రతిజ్ఞ సంగతీ ఇంతే. దాన్ని రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తి మనిషి పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉంటూ తెలుగులో రాశాడు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా బడుల్లోకి వెళ్లింది. అన్ని భాషల పిల్లలూ పలికారు. రాసినవాడి పేరు మాత్రం దశాబ్దాలపాటు మన పాఠ్యపుస్తకాల్లోనే అచ్చు కాలేదు. అంతకంటే వింత ఏమిటంటే, ఆ ప్రతిజ్ఞను పొద్దున్నే చేయి చాచి పలికిస్తున్న మనం దాన్ని ఎన్నడూ చదివినట్టు లేదు. అందులో జెండా మాట లేదు. ప్రధాని, ముఖ్యమంత్రి, ఏ పదవి మాటా లేదు. ఉన్నది తోటి మనుషులు, తల్లిదండ్రులు, గురువులు, అందరి పట్ల మర్యాద. ప్రజల క్షేమంలోనే తన సంతోషం ఉందన్న ఒప్పుకోలు. ట్రెజరీ ఆఫీసులో బిల్లులు చూసుకునే ఒక ఉద్యోగికి తెలిసిన దేశం ఇది. మైకు ముందు ఊగిపోయే పెద్దలకు తెలిసిన దేశం వేరేలా ఉంది.

గౌరవం అంటే ఏమిటో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది, మనమే వినలేదు. 1985లో కేరళలో ముగ్గురు అన్నాచెల్లెళ్లను బడి నుంచి తీసేశారు. జాతీయ గీతం పాడేటప్పుడు వాళ్లు లేచి నిలబడ్డారు, నిశ్శబ్దంగా ఉన్నారు, పాడలేదు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందినవాళ్లు, పాడటం వాళ్ల విశ్వాసానికి విరుద్ధం. బిజో ఎమ్మాన్యుయేల్ కేసుగా పేరుపడిన ఈ వివాదంలో 1986 ఆగస్టులో తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి వెళ్లినవారు. మర్యాదగా నిలబడిన పిల్లలు గీతాన్ని అవమానించినట్టు కాదు, పాడి తీరాలని చట్టం ఎక్కడా చెప్పలేదు, వాళ్లను తిరిగి చేర్చుకోండి అని తేల్చేశారు. మన సంప్రదాయం, తత్వం, రాజ్యాంగం మూడూ నేర్పేది సహనమే, దాన్ని పలచన చేసుకోవద్దని తీర్పు చివర హితవు కూడా పలికారు. తెలుగు న్యాయమూర్తి చేతి మీదుగా వచ్చిన ఆ తీర్పు ఇన్నేళ్లలో ఎన్ని తెలుగు బడుల్లో పాఠమైంది? సినిమా హాళ్లలో గీతం తప్పనిసరి అని 2016లో ఇదే సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చి, 2018లో తానే దాన్ని ఐచ్ఛికం చేసుకుంది. కోర్టు కూడా తన మాటను సవరించుకుంటుందన్న సంగతి పిల్లలకు తెలిస్తే కోర్టు మీద గౌరవం తగ్గదు.

ఇక పెద్దల సొంత ఆచరణ. ఏటా జెండా పండగ ముందు కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు సలహా పంపుతుంది, ప్లాస్టిక్ జెండాలు వాడనివ్వద్దని. ఏటా ప్లాస్టిక్ జెండాలు సిగ్నళ్ల దగ్గర అమ్ముడవుతాయి, మర్నాడు కాల్వల్లో తేలతాయి. చేనేత, చేవడుకు ఖద్దరుతోనే జెండా ఉండాలన్న పతాక స్మృతిని 2021 డిసెంబరు 30న సవరించి యంత్రం మీద నేసిన పాలిస్టర్‌కు తలుపు తీశారు. మరుసటి ఏడాది జులైలో ఇళ్ల మీద రాత్రీపగలూ ఎగరేయొచ్చన్నారు. ఇంటింటికీ జెండా చేరాలంటే చవక గుడ్డ కావాలన్న వాదంలో కొంత న్యాయం లేకపోలేదు. కానీ హుబ్బళ్లి పక్కన బెంగేరిలో ఐఎస్ఐ ముద్రతో జాతీయ జెండా కుట్టే ఖాదీ సంఘం ఉంది, అక్కడ పనిచేసేవాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు, ఈ సవరణ వాళ్ల పొట్ట కొట్టిందని వాళ్లే మొత్తుకున్నారు. స్వదేశీ కోసం పుట్టిన జెండా ఏ గుడ్డతో ఉండాలన్నది పిల్లలు రెండు పక్షాలుగా కూర్చుని వాదించుకోదగ్గ విషయం. చిరిగిన జెండాను ఏం చేయాలో కూడా వాళ్లకు చెప్పం. ఏకాంతంలో, మర్యాదగా, మొత్తంగా కాల్చేయమంటుంది పతాక స్మృతి. అదే పని నడివీధిలో చేస్తే 1971 చట్టం కింద మూడేళ్ల దాకా జైలు. ఒకే నిప్పు ఒకచోట మర్యాద, మరోచోట నేరం ఎందుకైంది? ఆ ప్రశ్నకు జవాబు వెతికిన పిల్లకు గౌరవం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు.

కారు మీద జెండా ఎవరు పెట్టుకోవచ్చో పతాక స్మృతిలో జాబితా ఉంది. రాష్ట్రపతి, గవర్నర్లు, ప్రధాని, ముఖ్యమంత్రులు, మంత్రులు, స్పీకర్లు, సుప్రీంకోర్టు, హైకోర్టుల న్యాయమూర్తులు, మరికొందరు. మామూలు ఎమ్మెల్యే, ఎంపీ అందులో లేరు. ఈ ముక్క పిల్లలకు నేర్పితే వాళ్లు వీధిలో కార్లు చూస్తారు. నేర్పకపోవడమే క్షేమం అనుకున్నారేమో.

ప్రజాప్రతినిధుల గురించి మనం నేర్పే తీరే ఈ అభియోగంలో బరువైన భాగం. పాఠ్యపుస్తకంలో ప్రతినిధి ఒక పేరు. ముఖ్యమంత్రి ఎవరు, గవర్నర్ ఎవరు, ప్రభుత్వం మారగానే జీకే పుస్తకంలో పేరు మార్చుకోవాలి. బడి ప్రాంగణంలో ప్రతినిధి ఒక ముఖ్య అతిథి. ఆయన వచ్చేదాకా పిల్లలు ఎండలో బారులు తీరి నిలబడాలి. చేతుల్లో చిన్న జెండాలు, ఆడపిల్లల చేతుల్లో పూల పళ్లేలు. పదిన్నరకన్నది పన్నెండవుతుంది. ఒకరిద్దరు కళ్లు తిరిగి పడితే నీడకు తీసుకెళ్తారు. మర్నాడు పత్రికల్లో త్రివర్ణాలు పూసుకున్న చిట్టి బుగ్గల ఫొటో వస్తుంది. ఎన్నికల ప్రచారంలో పిల్లలను ఏ రూపంలోనూ వాడొద్దని 2024 ఫిబ్రవరిలో ఎన్నికల సంఘం పార్టీలకు గట్టిగా చెప్పింది. ప్రచారం ముగిశాక మిగిలిన ఐదేళ్ల మాటేమిటి? ఆ పళ్లేలు పట్టుకున్న పిల్లలు అక్కడ నేర్చుకున్న పౌరశాస్త్రం పరీక్షలో రాయనక్కర్లేదు. ఒంటికి పట్టేస్తుంది. మనం ఓటేసి పంపిన మనిషి మనకంటే పైనుంటాడు, మనం ఆయన కోసం ఎదురుచూడాలి.

దీనికి తోడు ఏ జెండా ఎవరిదో కూడా పిల్లలకు తికమక చేసి పెట్టాం. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చాక పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు పూశారు. హైకోర్టు తీసేయమంది. రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది, అక్కడా 2020లో చుక్కెదురైంది. రంగు వేయడానికీ తుడవడానికీ రెండింటికీ ఖర్చయింది జనం డబ్బే. మధ్యాహ్న భోజనంలో పిల్లలకిచ్చే వేరుశనగ చిక్కీ రేపర్ మీద ముఖ్యమంత్రి బొమ్మ. బడి సంచి పథకానికి ముఖ్యమంత్రి పేరు. దీనికి ముందరి తెలుగుదేశం ఏలుబడిలో పథకాల పేర్లకు ముందు చంద్రన్న ఉండేవాడు కాబట్టి ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపే పరిస్థితి లేదు. 2024లో గెలిచి వచ్చిన ప్రభుత్వం బడి కిట్లకు సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు, భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. మంచి పని, ఒప్పుకుందాం. తెలంగాణలో అదే ఏడాది జూన్‌లో బడులు తెరిచిన రోజున పిల్లలకు పంచిన తెలుగు పుస్తకాల ముందుమాటలో దిగిపోయిన ముఖ్యమంత్రి పేరు ఉందని గుర్తించి, హడావుడిగా పుస్తకాలు వెనక్కి తెప్పించి ఆ పేజీ కనబడకుండా కాగితాలు అంటించారు. ఒక ముఖ్యమంత్రి పేరు పాఠ్యపుస్తకంలోకి ఎందుకు వెళ్లిందన్నది మొదటి ప్రశ్న. ప్రభుత్వం మారిందన్న మామూలు సత్యాన్ని పిల్లల కళ్లబడకుండా జిగురుతో అంటించడం దేనికన్నది రెండోది. పిల్లలు ఎలాగూ గోటితో గీరి చూస్తారు.

తెలంగాణ చిన్నారులకు సెప్టెంబర్ 17 వస్తే మరో పరీక్ష. కేంద్రం జరిపేది విమోచన దినోత్సవం. 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జరిపింది జాతీయ సమైక్యతా దినోత్సవం. 2024 నుంచి ఇప్పటి ప్రభుత్వం జరుపుతున్నది ప్రజాపాలన దినోత్సవం. ఎగిరేది అదే మూడు రంగుల జెండా. 1948లో ఆ రోజుల్లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవడాన్ని ఎవరు ఏ పేరుతో పిలుస్తున్నారు, ఎందుకు పిలుస్తున్నారు అని తొమ్మిదో తరగతి పిల్లలకు విప్పి చెప్పగల సత్తా ఉన్న టీచర్లు తెలంగాణలో బోలెడుమంది ఉన్నారు. చెబితే ఉద్యోగానికి ఏమవుతుందో అన్న బెరుకు వాళ్ల గొంతు పట్టుకుంది. రాష్ట్ర గీతం, తెలంగాణ తల్లి రూపం, వాహనాల నంబరు ప్లేట్ల మీది అక్షరాలు, అన్నీ 2024 లోనే మారాయి లేదా ఖరారయ్యాయి. మారొచ్చు. చిహ్నాలు మనుషులు చేసుకునేవే. మార్పు వెనక చర్చ ఎక్కడ జరిగింది, ఎవరు ఏమన్నారు అన్నది పిల్లలకు చెప్పకుండా కొత్తదాన్ని నిలబడి మొక్కమంటే, రేపు మరో ప్రభుత్వం మార్చినప్పుడూ వాళ్లు అలాగే నిలబడి మొక్కుతారు.

జెండా ఎవరి చేతి మీదుగా ఎగురుతుందో కూడా పిల్లలు చూస్తూనే ఉంటారు. 2020 పంద్రాగస్టున తమిళనాడులో తిరువళ్లూరు జిల్లా ఆత్తుపాక్కంలో ఎన్నికైన దళిత మహిళా పంచాయతీ అధ్యక్షురాలిని జెండా ఎగరేయనివ్వలేదు. గోల అయ్యాక కలెక్టర్ దగ్గరుండి ఆమెతో ఎగరేయించారు. రెండేళ్ల తర్వాత కూడా, దళిత అధ్యక్షులను అడ్డుకోవద్దని ఆ రాష్ట్ర ప్రధాన కార్యదర్శి కలెక్టర్లందరికీ లేఖ రాయాల్సి వచ్చింది. మన దగ్గర అంత మొరటుగా అడ్డుకోరని మురిసిపోనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో సగం సర్పంచ్ పదవులు ఆడవాళ్లవి. జెండా వందనం రోజున తాడు ఆమె పట్టుకుంటుంది, పక్కన నిలబడి ఉపన్యాసం ఆమె భర్త ఇస్తాడు. ఊరంతా ఆయన్నే సర్పంచ్ అంటుంది. ఆయనకు ఓటెవరు వేశారని అడిగే పిల్లను మన బడి తయారు చేయలేదు.

ఆ సర్పంచుల పరిస్థితి ఏం చెప్పమంటారు. తెలంగాణలో గడువు తీరి దిగిపోయిన సర్పంచులు సొంత డబ్బు పెట్టి చేసిన పనులకు బిల్లులు ఇప్పించమని హైదరాబాద్ రోడ్ల మీద తిరిగారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులు తమను అడగకుండా కరెంటు బకాయిల కింద సర్దేశారని గత ప్రభుత్వ కాలంలో సర్పంచులు ధర్నాలు చేశారు. అక్కడ పంద్రాగస్టు వేడుకకు చిన్న పంచాయతీకి ఇస్తూ వచ్చిన సొమ్ము వంద రూపాయలు, పెద్ద పంచాయతీకి రెండొందల యాభై. ముప్పై నాలుగేళ్లపాటు అదే లెక్క నడిచింది. 2024 ఆగస్టులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఆ మొత్తాన్ని పదివేలు, పాతికవేలు చేశారు. నెల తిరక్కుండానే 13,326 పంచాయతీల్లో ఒకే రోజున గ్రామసభలు పెట్టించారు. రెండూ మెచ్చుకోవాల్సినవే. అయితే ఆ గ్రామసభల్లో ఊరి బడి పిల్లలు ఎక్కడున్నారు? తరగతి గదిలో కూర్చుని గ్రామసభ అంటే ఏమిటో చదువుకుంటున్నారు.

పిల్లలకు ఇవన్నీ అర్థం కావంటారు. 2012లో లక్నోలో పదేళ్ల బడిపిల్ల ఒకతె సమాచార హక్కు చట్టం కింద ఉత్తరం రాసింది. హాకీ మన జాతీయ క్రీడ అని పుస్తకంలో ఉంది కదా, ఆ ఉత్తర్వు కాపీ ఇప్పించండి అంది. ఏ క్రీడనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడల శాఖ జవాబిచ్చింది. దేశంలోని పాఠ్యపుస్తక రచయితలు, గైడ్ల ప్రచురణకర్తలు, సివిల్స్ కోచింగ్ మాస్టార్లు ఇన్నేళ్లు వల్లెవేసినదాన్ని ఒక పిల్ల పది రూపాయల దరఖాస్తుతో తేల్చేసింది. ఆ పిల్ల చేసింది దేశభక్తి కాదని ఎవరైనా అనగలరా? మన పదో తరగతి పిల్లల్లో సమాచార హక్కు దరఖాస్తు ఒక్కసారైనా చేత్తో రాసినవాళ్లు తరగతికి ఒకరు కూడా ఉండరు. ఆ చట్టం ఏ సంవత్సరం వచ్చిందో మాత్రం అందరికీ తెలుసు.

ఎన్‌సీఈఆర్‌టీ పాఠాల భారం తగ్గిస్తున్నామంటూ పదో తరగతి రాజనీతి పుస్తకం నుంచి ప్రజా పోరాటాలు, ఉద్యమాల పాఠాన్ని, ప్రజాస్వామ్యానికి ఎదురయ్యే సవాళ్ల పాఠాన్ని తీసేసింది. పిల్లల వీపు మీద బరువుగా ఉన్నవి అవేనన్నమాట. ఇక్కడే ఇందాక ఆపిన లాభం సంగతి వస్తుంది. వందనం చేయడం మాత్రమే తెలిసిన పిల్ల పద్దెనిమిదేళ్లకు ఓటరవుతుంది. పంచాయతీ ఎన్నిక రెండేళ్లు వాయిదా పడితే ఆమెకు అందులో తప్పు కనిపించదు. చిక్కీ మీద బొమ్మ ఎవరి డబ్బుతో వేశారో అడగదు. జెండాను ఎవరు గట్టిగా ఊపితే వాళ్లకు దేశం మీద ప్రేమ ఎక్కువనుకుంటుంది. అలాంటి ఓటరు మీద ఏ పార్టీకీ ఫిర్యాదు ఉండదు. ప్రభుత్వాలు మారుతున్నా పౌరశాస్త్రం మారకపోవడానికి సిలబస్ కమిటీల బద్ధకం ఒక్కటే కారణమంటే మేం నమ్మం.

2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థులతో మాక్ అసెంబ్లీ నడిపించారు. పిల్లలు సభాపతిగా, మంత్రులుగా, ప్రతిపక్షంగా కూర్చుని మాట్లాడారు. చూడముచ్చటగానే ఉంది. కానీ ఎంపిక చేసిన కొద్దిమందికి ఒకరోజు దక్కిన ఆ అవకాశం ఏడాది పొడుగునా మిగతా పిల్లలకు దక్కాలంటే అమరావతి దాకా రానక్కర్లేదు. ప్రతి ఊళ్లో ఒక అసలు సభ ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో మూడొంతుల మంది తల్లిదండ్రులు కావాలి. ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, మరుగుదొడ్డి మరమ్మతు మీద ఏం తీర్మానించింది అని పిల్లలు అడగగలగాలి. పంచాయతీ ఏడాది పద్దును ఏడో తరగతి లెక్కల పీరియడ్‌లో బోర్డు మీద వేయొచ్చు. నీటి పన్ను ఎంత వచ్చింది, బ్లీచింగ్ పౌడర్‌కు ఎంత పోయింది, శాతాలు కట్టమనొచ్చు. ఎమ్మెల్యే బడికి రావాలనుకుంటే రావచ్చు. దండలు లేకుండా, వేదిక లేకుండా, ఒక పీరియడ్ పాటు తరగతిలో కుర్చీ వేసుకుని పిల్లలు అడిగినవాటికి జవాబు చెప్పి వెళ్లొచ్చు. తెలియనివాటికి తెలియదని చెప్పొచ్చు, పిల్లలు ఏమీ అనుకోరు.

ఏప్రిల్ 24 పంచాయతీరాజ్ దినోత్సవం. 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చిన రోజు. ఎనిమిదో తరగతి నుంచి పైపిల్లలను ఏటా జరిగే గ్రామసభల్లో కనీసం ఒకదానికి టీచర్లే దగ్గరుండి తీసుకెళ్లాలని, అక్కడ చూసింది, విన్నది రాసిస్తే దానికి ఇంటర్నల్ మార్కులు ఇవ్వాలని, ఆ రాతలకు ఏ టీచరునూ సంజాయిషీ అడగకూడదని రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఆ రోజున ఒక సర్క్యులర్ ఇవ్వొచ్చు. పేజీకి మించదు. మంత్రిగారి సభకు బడి పిల్లలను తోలుకురమ్మని ఎంఈవోలకు ఫోన్లో చెప్పగలిగిన కార్యాలయాలకు ఈ ఒక్క పేజీ సంతకం చేసి కాగితం మీద ఇవ్వడం కష్టం కాకూడదు.